ముప్పావు గంట నీళ్ళు

ఒమాన్ నుంచి తిరిగి వచ్చి నెల దాటింది. ఎడారి ఎట్లా ఉందని అందరూ అడుగుతున్నారు. నేను ఎడారి చూడలేదు. ఒక కొండను చూశాను, ఆ కొండ మీద పదకొండు ఇళ్ళున్న ఒక ఊరిని చూశాను. మా తమ్ముడు గంగారాం ఆ ఊళ్ళో పద్నాలుగేళ్ళు దానిమ్మ చెట్లకూ ఎల్లిగడ్డ మడులకూ నీళ్ళు కట్టాడు. పోయిన ఏడాది అక్కడే, మడి గట్టు మీద చనిపోయాడు. అప్పటికి అతనికి యాభై ఒక్క ఏళ్ళు.

శవపెట్టెతో పాటు వచ్చిన కాగితంలో పని చేసే చోట సహజ మరణం అని ఉంది. మా మరదలు పద్మ ఆ కాగితాన్ని నాతో మూడుసార్లు చదివించుకుంది. ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పని చేసినదాన్ని కాబట్టి కాగితాలన్నీ నా దగ్గరికే వస్తాయి. దానిలో రాసి లేనిదాన్ని మాత్రం నేను చదివి చెప్పలేకపోయాను.

సంవత్సరీకం అయిపోయాక, నేను వెళ్ళి చూసొస్తానన్నాను. బయల్దేరే రోజు పద్మ ఒక్క మాటే చెప్పింది.

"వదినె, ఆయన పానం పోయేటప్పుడు పక్కన ఎవరన్న ఉన్నరా అడుగు. ఇంకేం అడగకు. నాకోసం ఏం తేకు."

సీబ్

విమానాశ్రయం బయట మల్లేశం నిలబడి ఉన్నాడు. అతనిదీ మాదీ పక్క పక్క ఊళ్ళు. గంగారాం, అతను ఒకే రోజు ఒకే విమానంలో మొదటిసారి ఒమాన్ వచ్చారు. ఒకే కంపెనీలో, ఒకే రూమ్‌లో అయిదేళ్ళు ఉన్నారు. తర్వాత తమ్ముడు కొండ మీదికి పోయాడు, మల్లేశం మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఒక ఒమానీ ఇంట్లో డ్రైవరుగా చేరాడు. నన్ను చూసి దండం పెట్టాడు. ఏడుస్తాడేమోనని నాకు భయం వేసింది.

"అక్కా, తొక్కు తెచ్చినవా?" అన్నాడు.

"తెచ్చిన. చింతకాయ తొక్కు, రెండు డబ్బాలు."

"గంతే చాలు. ఇగ నిన్ను కొండెక్కిచ్చుడు, దించుడు నా డ్యూటీ."

సీబ్‌లో అన్నీ తెల్లటి ఇళ్ళే. ఎత్తయిన గోడలు, ఆ గోడల మీదుగా తొంగి చూసే ఖర్జూరపు మట్టలు. సాయంత్రం కాస్త చల్లబడ్డాక దుకాణాల ముందు మన భాష వినిపించింది. ఇళ్ళల్లో పని చేసే గోదావరి వైపు ఆడవాళ్ళు ఇద్దరు కొత్తిమీర కట్ట చూసి, వాడిపోయిందని ఒకరూ, ఈ ఎండకి ఇదే గొప్పని ఇంకొకరూ వాదించుకుంటున్నారు. దేశం మారినా కొత్తిమీర దగ్గర మాట మారదు.

అక్కడే చిన్న తమాషా జరిగింది. రోడ్డు దాటుదామని అంచున నిలబడ్డాను. వస్తున్న కారు ఆగింది. నా కోసం ఆగి ఉండదులే అనుకుని నేను కదల్లేదు. ఆ కారు వెనక ఇంకోటి ఆగింది. అటువైపు నుంచి వచ్చేవీ ఆగాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు. ముందు కారులోని పెద్దాయన చేత్తో రమ్మన్నాడు. నేను చేత్తో మీరే వెళ్ళండన్నాను. ఆయన మళ్ళీ రమ్మన్నాడు. అరవై రెండేళ్ళలో నా కోసం ఒక రోడ్డంతా ఆగడం ఎప్పుడూ చూడలేదు. మల్లేశం పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని దాటించాడు.

"అక్కా, ఈడ మనిషి నడిస్తే బండి ఆగాలె. నువ్వు నిలబడితే రాత్రిదాంక గట్లనే నిలబడ్తరు."

కాగితపు కప్పులో చాయ్ తాగాం. వంద బైసలట. వెయ్యి బైసలైతే ఒక రియాల్. నేను మనసులో రూపాయల్లోకి మార్చుతుంటే మల్లేశం కనిపెట్టేశాడు.

"మార్చకు. మార్చితే ఈ దేశంల చాయ్ గొంతు దిగదు."

గంగారాం గురించి అతనూ ఏమీ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. ఆ రోజుకు అదే బాగుందనిపించింది.

నిజ్వా

శుక్రవారం పొద్దున కొండ కింది పట్నం నిజ్వా చేరాం. ఆ రోజు మేకల సంత. మన అంగట్లో పశువును గుంజకు కట్టేస్తారు, కొనేవాడు చుట్టూ తిరుగుతాడు. ఇక్కడ కొనేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు, అమ్మేవాళ్ళు మేకను పట్టుకుని వాళ్ళ ముందు నుంచి తిరుగుతూ ధర అరుస్తారు. ముఖానికి ముసుగు తొడుక్కున్న ఒక ముసలమ్మ ఒక మేకను ఆపించి, నోరు తెరిచి పళ్ళు చూసి, ధర విని, ఇక పొమ్మన్నట్టు చేత్తో విసిరింది. అమ్మేవాడు నొచ్చుకోలేదు. ఇంకో చుట్టు తిరిగి మళ్ళీ ఆమె దగ్గరే ఆగాడు.

సంత పక్కన మలయాళీ హోటల్లో పరోటా తింటున్నాం. పక్క బల్ల మీద నలుగురు మనవాళ్ళు, నిర్మల్ వైపు వాళ్ళు, కట్టడం పనిలో ఉన్నారు. శుక్రవారం సెలవు కాబట్టి తలలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు.

"ఏ ఊరక్కా?" అని అడిగారు. ఊరు చెప్పి, గంగారాం అక్కనన్నాను.

"ఎల్లిగడ్డల గంగన్న అక్కనా!" ఒకతను లేచి నిలబడి తన కుర్చీ నా వైపు జరిపాడు. నాకు కుర్చీ ఉన్నా జరిపాడు.

నెలకోసారి గంగారాం కొండ మీది ఎల్లిగడ్డల సంచితో దిగేవాడట. ఆ ఎల్లిగడ్డకు, అదే వెల్లుల్లికి, నిజ్వాలో మంచి పేరుంది.

"మా రూముకు కిలో ఊకెనే ఇచ్చెటోడక్కా."

"ఊకెనే యాడిచ్చిండ్రా?" అన్నాడు రెండో అతను. "గంటసేపు నీతి చెప్పి ఇచ్చెటోడు. తాగకుండ్రి, ఇంటికి ఫోన్ చెయ్యిండ్రి, గోర్లు కత్తిరించుకోండ్రి."

"గోర్లు గూడనా?" అన్నాను.

"అవక్కా, వేళ్ళు చూసెటోడు, బడిపిల్లగాండ్లకు చూసినట్టు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. గంగారాం పేరు తలుచుకుని నవ్వడం ఏడాదిలో అదే మొదటిసారి. అతను చనిపోయిన రోజు గురించి వాళ్ళకేమైనా తెలుసా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. మూడు రోజుల తర్వాతే తెలిసిందట. పరోటా డబ్బులు వాళ్ళు నన్ను ఇవ్వనివ్వలేదు.

కొండ మీదికి

కొండ మొదట్లో పోలీసుల చౌకీ ఉంటుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం ఉన్న బండినే పైకి పోనిస్తారు. మల్లేశం తన యజమాని బండి అడిగి తెచ్చాడు.

"మా అర్బాబ్ ఒక్క మాటే అన్నడక్కా. దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి కూసోకు, గేర్ల దించు అన్నడు. ఎందుకు, ఏంది అని అడగలే. గంగారాం అక్క అంటే తాళం చేతిల పెట్టిండు."

దారి పొడవునా బూడిద రంగు రాళ్ళు. ఒక మలుపు తిరిగాక చెవులు మూసుకున్నాయి. ఇంకో మలుపు దాటాక మల్లేశం ఏసీ ఆపి అద్దాలు దించాడు. చల్లటి గాలి వచ్చింది. కింద మాడిపోయే ఎండ, ఇక్కడ శాలువా కావాలి. గంగారాం ప్రతి చలికాలం స్వెటర్ పంపమని ఫోన్ చేస్తే, అరబ్బు దేశంలో స్వెటర్ ఏమిటని పరాచికాలాడేదాన్ని. ఒక్కసారి కూడా పంపలేదు.

ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఇంటివాళ్ళు వద్దన్నారు. కొండ వాలుకు మెట్లు మెట్లుగా మడులున్నాయి, ప్రతి మడికీ రాతి గోడ ఉంది. అన్నిటికంటే పైన ఇళ్ళు. కింద ఎక్కడో లోతులో ఎండిపోయిన వాగు. పాత మట్టి ఇళ్ళు కొన్ని కూలి ఉన్నాయి, వాటి పక్కనే సిమెంటువి లేచాయి.

గంగారాం పని చేసిన ఇంట్లో ఇప్పుడు ఒక ముసలమ్మ ఉంటుంది. కొడుకులు మస్కట్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఆమెను చూసుకునేది ఓబులమ్మ, మన కడప జిల్లా మనిషి, ఆరేళ్ళుగా అక్కడుంది. బండి చప్పుడు వినగానే ఎదురొచ్చి నా సంచీ లాక్కుంది.

"రాక్కా, రా. దావలో ఏమన్నా తిన్న్యారా లేదా? అబ్బ, ఆ నుదురు సూడు, గంగన్న నుదురే."

ముసలమ్మకు చూపు సరిగా లేదు. ఓబులమ్మ ఆమె చెవి దగ్గర నేనెవరో చెప్పింది. ఆమె నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వేళ్ళతో చూసుకుంది. నుదుటి దగ్గర ఆగింది. "గంగా," అంది. ఆపైన ఏవో దీవెనలు. అర్థం చెప్పమని ఓబులమ్మను నేను అడగలేదు.

ఖర్జూరాలు, చిన్న గిన్నెల్లో చేదు కాఫీ పెట్టారు. అది అయ్యాక ఓబులమ్మ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. గంగారాం సామాను మొత్తం అప్పుడే పంపేశామని, దాచుకున్నదేమీ లేదని గబగబా చెప్పింది. సామాను కోసం రాలేదన్నాను.

"ఒక్కటే తెలుసుకుందామని వచ్చిన ఓబులమ్మా. పానం పోయేటప్పుడు తమ్ముని పక్కన ఎవరన్న ఉన్నరా?"

ఆమె పిండి కలుపుతోంది. చేతులు ఆపలేదు.

"ఉన్న్యారక్కా. కింద మడి హమూద్ బాబా ఉన్న్యాడు. సెయ్యి పట్టుకోనే ఉన్న్యాడంట. నేను ఆ పొద్దు మామాను, అదే ఈ ముసలామెను, తీసుకోని నిజ్వా ఆసుపత్రికి పోయినా గానీ, వొచ్చినాక అందరూ అదే సెప్పినారు."

నేను అక్కడే పీట మీద కూర్చున్నాను. ఆమె కాల్చి ఇచ్చిన కాగితమంత పల్చటి రొట్టెను తేనెలో ముంచుకుని తిన్నాను. చాలా రోజుల తర్వాత తిండి రుచి తెలిసింది. వెంటనే పద్మకు ఫోన్ చేద్దామంటే ఆ ఇంట్లో సిగ్నల్ లేదు. ఊరి చివర ఒక బండ మీద నిలబడితేనే వస్తుందట. పొద్దున చేద్దాం అనుకున్నాను.

ఫలజ్

పొద్దున నేనొక్కదాన్నే నీళ్ళ వెంట నడిచాను. ఊటలో పుట్టిన నీళ్ళు జానెడు వెడల్పున్న రాతి కాలువలో ఊరంతా తిరుగుతాయి. దాన్ని ఫలజ్ అంటారు. నీళ్ళు గాజులా ఉన్నాయి. ప్రయాణంలో కాళ్ళు వాచి ఉన్నాయేమో, కాలువ గట్టున కూర్చుని రెండు పాదాలూ ముంచాను.

ఎక్కడి నుంచో ఒక పెద్దామె వచ్చింది. కోప్పడలేదు. నా మోచెయ్యి పట్టుకుని లేపి, కాలువ వెంట కిందికి నడిపించుకుపోయి, ఇంకో చోట కూర్చోబెట్టి, ఇక్కడ ముంచుకోమని చూపించింది. వెనకే వచ్చిన ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఊరోళ్ళు తాగే కాడ కాళ్ళు కడిగినావక్కా! మొదట తాగేదానికి. ఆడాడ బిందెలు ముంచుకుంటారు. దాని తరవాత మసీదు, దాని తరవాత మొగోళ్ళ తానం, దాని తరవాత మనది. అంతా అయినాక మడులకు. నేను వొచ్చిన కొత్తలో గుడ్డలే ఉతికినా. గంగన్న సూసి తల పట్టుకున్న్యాడు."

ఆ పెద్దామె హమూద్ భార్యేనట. మమ్మల్ని వదలకుండా ఇంటికి తీసుకెళ్ళింది. రొట్టె పెట్టి, పక్కన ఒక గాజు సీసా ఉంచింది. ఎర్రగా ఉంది. వాసన చూడగానే పోల్చుకున్నాను. ఎల్లికారం. గంగారాం ఆమెకు నేర్పాడట. మా ఇంట్లో చేసే దానికంటే ఉప్పు తక్కువ, నిమ్మకాయ ఎక్కువ.

"తెల్లగడ్డ కారెం అని నేనంటే, ఎల్లిగడ్డ అనాల అని గొడవ సేసేవాడు గంగన్న," అంది ఓబులమ్మ. "ఈయమ్మేమో మా ఇద్దరినీ సూసి, రెండూ కాదని థోమ్ అనేది."

అప్పుడే హమూద్ లోపలికి వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, ఎముకలా ఉన్నాడు, తలకు చుట్టిన గుడ్డ వెలిసిపోయి ఉంది. నేనెవరో ఆయనకు ముందే తెలుసు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, కూర్చోలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకున్నందుకు ఆయనకు దండం పెట్టాలని లేచాను. ఆయన ఓబులమ్మతో ఏదో అన్నాడు.

"సోటు సూపిస్తానంటాండాడు. రమ్మంటాండాడు."

పైమడి, కిందిమడి

గంగారాం చూసుకున్న మడి పైన, హమూద్ మడి దాని కింద ఉన్నాయి. మధ్యలో మనిషెత్తు రాతి గోడ. కింద నిలబడితే పైనున్న మనిషి కనిపించడు. పైమడిలో అప్పుడే ఎల్లిగడ్డ పాయలు నాటారు. ఆ పని ఇప్పుడొక బంగ్లాదేశ్ అతను చేస్తున్నాడు.

హమూద్ మొదట నీళ్ళ సంగతి చెప్పాడు. మన దగ్గర చెరువు నీళ్ళు పంచే నీరటికాడు ఉన్నట్టు ఫలజ్‌కు అరీఫ్ అని ఒకాయన ఉంటాడు. ప్రతి మడికీ ఎనిమిది రోజులకోసారి వంతు, అరగంట ఒక కొలత. పూర్వం కర్ర పాతి దాని నీడ ఏ రాయి మీదికి వస్తే ఎవరి వంతో చూసేవాళ్ళు. ఇప్పుడు చేతి గడియారం. వంతు అయిపోగానే తూముకు రాయి అడ్డం పెట్టి, సందుల్లో గుడ్డ కుక్కి, నీళ్ళను కింది మడికి వదలాలి.

"నీళ్ళు ఆలస్యమైతే కిందోడు పైకి పోయి సూడకూడదంట," అని ఓబులమ్మ చెప్పింది. "పోతే, నువ్వు దొంగవు అన్నట్టంట. ఆ మాటకు ఈ ఊళ్ళో మొకాలు సూసుకోరంట."

మా ఊరు గుర్తొచ్చింది. కాలువ చివరి పొలం మాది. మా నాయనా పైపొలం ఆయనా వంతు దగ్గర పారలతో కొట్టుకున్నారు. మా నాయన నెత్తి పగిలింది. గంగారాంకు అప్పుడు పన్నెండేళ్ళు, ఆ రక్తం కడిగింది వాడే. కాబట్టి హమూద్ ఆ తర్వాత చెప్పిన మాట నాకు కొత్తగా అనిపించలేదు.

"గంగన్న ఎప్పుడూ రెండు మూడు నిమిషాలు ముందరే మూసేవాడంట. పద్నాలుగేండ్లూ అంతే. నీ వంతు నువ్వు సరిగ్గా తీసుకోరా అని ఈయన తిట్టేవాడంట. నవ్వి ఊరుకునేవాడంట."

హమూద్ కింద తన మడిలోని ఒక దానిమ్మ చెట్టు వైపు చెయ్యి చూపించాడు. గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడాడు. ఓబులమ్మ వింటూ వింటూ నా వైపు చూడటం మానేసింది. ఆయన ఆగాడు. ఆమె చెప్పలేదు.

"ఏమన్నడు?"

"నాకు సరిగ్గా అర్తం గాలేదక్కా."

"నీకు అర్థమైంది. చెప్పు ఓబులమ్మా."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆ పొద్దు టయానికి నీళ్ళు రాలేదంట. ఈయన ఆ సెట్టు కింద ఉన్న్యాడంట. 'అబ్బ, ఇన్నేండ్లకు గంగా నా నీళ్ళు కొన్ని తీసుకుంటాండాడు' అనుకున్న్యాడంట. సంతోసపడినాడంట. 'తీసుకోనీ, నేను పైకి పోతే సిగ్గుపడతాడు, ఎంత గావాలంటే అంత తీసుకోనీ' అని ఆడనే కూసున్న్యాడంట. నమాజుకు పిలిసినారంట. పోయి సేసుకోని వొచ్చినాడంట. అప్పుడూ నీళ్ళు రాలేదంట. అప్పుడు ఎక్కి సూసినాడంట. ముప్పావు గంట అయిందంట."

గంగారాం గట్టు మీద, వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. పాదాలు కాలువలో ఉన్నాయట. ఒళ్ళు వెచ్చగానే ఉందట. హమూద్ కళ్ళు మూసి, మనుషులు వచ్చేదాకా పక్కన కూర్చున్నాడట. ఎప్పుడు చూశావని పోలీసులు అడిగితే చెప్పాడు. ఎంతసేపు ఆగావని వాళ్ళు అడగలేదు, ఆయన చెప్పలేదు. ఈ ఏడాదిలో ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా.

ఆయన నా వైపు తిరిగి ఒక వాక్యం అన్నాడు. ఓబులమ్మ ఈసారి వెంటనే చెప్పింది.

"'నేను పైకి పోయుంటే బతికేవాడేమో. ఆయన భార్యకు ఈ మాట సెప్పు' అంటాండాడు."

ఆయనకు దండం పెట్టాలని వచ్చినదాన్ని, చేతులు ఏం చెయ్యాలో తెలియక ఆ గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆయన కాసేపు చూసి, తల వంచుకుని, గోడ పక్క మెట్ల మీదుగా కిందికి దిగిపోయాడు.

తిరిగి వస్తుంటే ఓబులమ్మ నా వెనకే నడిచింది.

"నిన్న అబద్దం సెప్పినానక్కా. సెయ్యి పట్టుకున్న్యాడని ఎవురూ సెప్పలేదు. ఎవురో ఒకరు ఉండే ఉంటారులే అని నేనే అనుకున్న్యా. అట్లా అనుకుంటేనే నాకు ఈడ ఉండబుద్ది అయ్యేది."

నేను ఆగి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

బండ మీద

మల్లేశంతో మొత్తం చెప్పాను. అతను బండికి ఆనుకుని నేల చూస్తూ విన్నాడు.

"అక్కా, ఉన్నడనే చెప్పు. పద్మ చెల్లెకు ఏం తెలుస్తది? నిన్న ఓబులమ్మ చెప్పిందే చెప్పు. పుణ్యమొస్తది."

ఆలోచించకపోలేదు. ఊరి చివర బండ ఎక్కేదాకా అదే ఆలోచించాను. చెయ్యి పట్టుకున్నాడనే మాట బాగుంది. పద్మ దాన్ని నమ్మేది, బతికినన్నాళ్ళూ తలుచుకునేది. కానీ ఆ పద్నాలుగేళ్ళూ గంగారాం రెండు నిమిషాలు ముందే తూము మూశాడు. అతని గురించి కొలత తప్పి చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

పద్మ ఫోన్ ఎత్తింది. బీడీలు చేస్తున్నట్టుంది, తునికాకు కత్తిరించే చప్పుడు వినిపిస్తోంది.

"ఉన్నరా వదినె?"

చెప్పాను. ఏమీ కలపలేదు, ఏమీ తీసెయ్యలేదు. నడుమ ఎక్కడో కత్తెర చప్పుడు ఆగిపోయింది. నేను చెప్పడం పూర్తయ్యాక ఫోన్ కట్టయిందేమోనని చూసుకున్నాను.

"ముప్పావు గంటనా?"

"అవు."

"గంత సేపు గా పెద్దమనిషి ఏం జేసిండు?"

"చెట్టు కింద కూసున్నడు."

"ఆయన నీళ్ళు తీస్కుంటుండని సంబురపడ్డడా?"

"సంబురపడ్డడట."

"గా చెట్టు ఆయనకు ఎంత దూరం ఉంటది?"

"మనింటి కాడికెళ్ళి బోరు కాడికున్నంత. నడుమ గోడ."

"గంతేనా. దగ్గర్నే." ఆమె ముక్కు చీదుకుంది. "గంత దగ్గర ఒక మనిషి కూసోని ఆయన గురించి మంచిగ అనుకుంటనే ఉండె. మల్ల ఒక్కడెట్ల అయితడు వదినె?"

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"పక్కన ఎవరు లేకుంటెనో, తిట్టుకుంట ఎవరన్న ఉంటెనో అని నేను ఏడాది సంది ఏడ్సిన. గా ముసలాయనకు చెప్పు. పోయి ఇప్పుడే చెప్పు. పాపం, మస్తు మోస్తున్నట్టుండు."

కత్తెర చప్పుడు మళ్ళీ మొదలైంది.

దిగేముందు

మల్లేశం బండి తిప్పి పెట్టుకున్నాడు. నేను ఓబులమ్మను తీసుకుని కిందిమడికి దిగాను. హమూద్ ఎండిపోయిన దానిమ్మ కొమ్మలు కత్తిరిస్తున్నాడు. మమ్మల్ని చూసి కత్తి కింద పెట్టి లేచి నిలబడ్డాడు. శిక్ష వినడానికి వచ్చిన మనిషిలా ఉన్నాడు.

పద్మ అన్న మాటలు నేను తెలుగులో చెప్పాను. ఓబులమ్మ వాటిని అరబ్బీలోకి మార్చడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఆగి, సరైన మాట వెతుక్కుని, చేత్తో చెట్టును, గోడను చూపించి చెప్పింది. హమూద్ విని కదల్లేదు. మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. ఈసారి ఆయన గోడ వైపు చూస్తూ విన్నాడు. చెట్టు మొదలు పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు. నేనూ ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. కాసేపటికి ఏదో అడిగాడు.

"ఆ యమ్మ పేరేందని అడుగుతాండాడక్కా."

"పద్మ," అన్నాను.

వాళ్ళ భాషలో ఆ మొదటి అక్షరం లేదు. "బద్మా," అన్నాడు హమూద్. సరిగ్గా రాలేదని ఆయనకే తెలిసి ఇంకోసారి ప్రయత్నించాడు. ఇంకోసారి. మేమిద్దరం సరిదిద్దలేదు.